రెండో బహుమతి

ఇలారియో పోయి నాలుగో రోజు. శవపేటిక ఇంకా ఇంట్లోనే ఉంది. మర్నాడు పొద్దున పూడ్చిపెడతారు. మధ్యాహ్నం ఎండ కాస్త వాలాక క్లెటో పడవలో నది దాటి వచ్చాడు.

వాకిట్లో టార్పాలిన్ కింద బల్లలు వేసుకుని, శవజాగారానికి వచ్చిన జనం ఆచారం ప్రకారం పేకాడుతున్నారు. అతన్ని చూడగానే చేతుల్లో ముక్కలు ఆగిపోయాయి.

"లేవండ్రోయ్, దొర వచ్చాడు! మీ పొలాలన్నీ లాగేసుకుంటాడు!" అన్నాడు ఐసు అమ్ముకునే తెమ్యోంగ్.

అందరూ నవ్వారు. క్లెటో అలవాటుగా ఎడమ కనుబొమ్మ పైకెత్తాడు. అంతే చాలు వాళ్లకి. నాలుగు బల్లల వాళ్లూ ఒకే గొంతుతో అందుకున్నారు.

"ఈ నేల నాది! దీనిమీద పడే నీ నీడ కూడా నాదే!"

క్లెటో తల ఊపి లోపలికి వెళ్లాడు.

ముప్పై ఏళ్ల కిందట సినిమాల్లో అతని పేరు డాంటే వల్దెరామా. అరవై రెండు సినిమాలు చేశాడు. జమీందారు, బందిపోటు, ఊరిని జపాను సైన్యానికి పట్టించిన ద్రోహి. అన్నింట్లోనూ ఆఖర్న చచ్చాడు. కంపెనీ మూతపడ్డాక ఊరొచ్చి చేపల చెరువు చూసుకుంటున్నాడు. ఊరు మాత్రం వల్దెరామాను మూయనివ్వలేదు. పెద్దవాళ్లని పిలిచినట్టు మర్యాదగా 'మాంగ్ డాంటే' అనేవాళ్లు. బాడుగ జీపులో ముందు సీటు అతనిదే. రేవు దగ్గర నేనా కొట్లో కాఫీ ఊరికే. ఆ డైలాగు చెప్పమంటే మెడ మీద చెయ్యి వేసుకునేవాడు. ఫైటింగులో గొంతుకి దెబ్బ తగిలిందని, అప్పట్నుంచీ మాట సన్నబడిందని అతనే చెప్పుకున్నాడు. అందుకని అతను కనుబొమ్మ ఎత్తేవాడు, మాట వాళ్లు అనేవాళ్లు.

గొంతుకి దెబ్బేమీ తగల్లేదు. అది పుట్టుకతోనే అంత. మొదటి సినిమా రీలు చూసి కంపెనీవాళ్లు నవ్వారు. ఆ భుజాల మధ్యనుంచి ఆ గొంతేమిటన్నారు. అప్పుడు క్లెటోయే తన ఊరి ఇలారియోని తీసుకెళ్లాడు. ఇలారియో పొట్టివాడు, ముఖం నిండా స్ఫోటకం మచ్చలు. చీకటిగదిలో తెరముందు నిలబడి క్లెటో పెదాలు చూస్తూ మాట్లాడేవాడు. అరవై రెండు సినిమాలూ అలాగే. బయట చెప్పకూడదని కాగితం రాయించుకున్నారు. కంపెనీ పోయింది, కాగితమూ పోయింది. ఇద్దరూ చెప్పలేదు.

పేటిక అద్దం కింద ఇలారియో గడ్డం నున్నగా గీసి ఉంది. గొంతు దగ్గర ఆపరేషను చేసిన చోట తెల్లచొక్కా కాలరు ఎత్తుగా పెట్టారు. ఆఖరి రెండేళ్లూ పలకమీద రాసి చూపించేవాడు. క్లెటో అద్దం మీదికి వంగాడు. కన్నీరు అద్దం మీద పడకూడదంటారు. పడుతుందన్న భయం అతనికి లేదు. రోజంతా చెరువు బురదలో నిలబడితే సాయంత్రానికి పాదాలు ఉన్నట్టే తెలియదు. నాలుగు రోజులుగా అతనికి ఒళ్లంతా అలాగే ఉంది.

పక్కన కుర్చీలో ఇలారియో భార్య పెట్రా కూర్చుని ఉంది. కాళ్ల దగ్గర నీలం అంచు ఎనామిల్ బేసిను. దాన్నిండా పుచ్చగింజల పొట్టు. వచ్చినవాళ్లంతా కొరికి ఊసినది.

"గుర్తుపట్టావా మరిదీ?" అంది బేసినుకేసి చూసి.

గుర్తుపట్టాడు. పదహారేళ్ల కిందట ఊరి పండక్కి వల్దెరామా డైలాగు పోటీ పెట్టారు. తీర్పు చెప్పేది క్లెటోయే. ఇలారియో రెండు గ్లాసులు తాగి స్టేజీ ఎక్కాడు. ఆ మాట అన్నాడు. గుడిమెట్ల మీదున్న పావురాలు లేచిపోయాయి. అచ్చం అలాగే ఉంది. అంత అచ్చంగా ఉండటంతోనే క్లెటోకి భయమేసింది. మొదటి బహుమతి తెమ్యోంగ్‌కి ఇచ్చాడు. ఇలారియోకి రెండోది, ఈ బేసిను.

"ఆ రాత్రి దీన్ని నెత్తిన బోర్లించుకుని ఇంటికొచ్చాడు. 'నా గొంతు నాకంటే బాగా పలికేవాడొకడు దొరికాడే' అని ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు." పెట్రా బేసిను అంచు కాలితో కొద్దిగా జరిపింది. "రేపు పొద్దున తీసుకుపోతారు. మట్టి పడకముందు ఒక్కసారి చెప్పు వాళ్లకి. నేను మా చెల్లితో అంటేనే నవ్వింది. నువ్వు చెబితే వింటారు."

"చెబితే నాకేం మిగుల్తుంది వదినా?"

"నాకు తెలీదు. ఆయనకి మిగిలింది మాత్రం ఇదిగో."

క్లెటో వాకిట్లోకి వచ్చాడు. టార్పాలిన్ గుంజ పట్టుకుని నిలబడ్డాడు. తెమ్యోంగ్ ముక్కలు పంచుతున్నాడు.

"ఆ డైలాగు నాది కాదు," అన్నాడు.

"తెలుసులే మాంగ్ డాంటే, రాసినవాడు వేరే ఉంటాడు."

"రాయడం కాదు. పలికింది నేను కాదు. ఇలారియో. అన్ని సినిమాల్లోనూ వాడే."

వెనక బల్లనుంచి ఎవరో అన్నారు. "చూశావా, పెద్దమనసంటే అదీ! స్నేహితుడు పోతే తన కిరీటం తీసి వాడి నెత్తిన పెడుతున్నాడు."

"పాపం, గొంతు పోకుండా ఉంటేనా..."

తన అబద్ధమే తనకి అడ్డం వచ్చి నిలబడింది. క్లెటో అలవాటుగా మెడ మీదికి పోయిన చెయ్యి దించేశాడు.

"గొంతుకేమీ కాలేదు. ఎప్పుడూ కాలేదు. వినండి." ఆ డైలాగు అన్నాడు, మొదటిసారి పైకి, మొదటినుంచి చివరిదాకా. గుమ్మం దగ్గర బాతుపిల్ల అరిచినట్టుంది. ఒకడు కిసుక్కున నవ్వబోయి ఆగిపోయాడు.

తెమ్యోంగ్ చేతిలో ముక్కలు బల్లమీద పెట్టేశాడు.

"పండగనాడు నేను స్టేజీ పక్కనే ఉన్నాను," అన్నాడు నెమ్మదిగా. "ఇలారియో అనగానే చేతులమీద వెంట్రుకలు లేచాయి. నా పని అయిపోయిందనుకున్నా. నువ్వు నాకిచ్చావు మొదటిది. ఎందుకిచ్చావో నాకు ఇన్నాళ్లూ తెలీలేదు. గోడగడియారం. ఇంకా నడుస్తోంది." క్లెటోకేసి చూశాడు. "నీకు తెలుసు. తెలిసే ఇచ్చావు."

"ఆ."

తెమ్యోంగ్ లేచి లోపలికి వెళ్లాడు. పెట్రా కాళ్ల దగ్గర బేసిను తీసుకుని పెరట్లోకి నడిచాడు. పొట్టు పారబోసిన చప్పుడు, తర్వాత పంపు కొట్టిన చప్పుడు వినిపించాయి. కడిగిన బేసిను తెచ్చి పేటిక కింద, పూల పక్కన పెట్టాడు. బల్లల దగ్గరవాళ్లు ఒక్కొక్కరే టోపీలు తీసి లోపలికి వెళ్లారు. వెళ్తూ క్లెటోకి తగలకుండా పక్కకి ఒదిగి వెళ్లారు.

వెళ్లబోతూ క్లెటో గుమ్మంలోంచి పెట్రాకేసి చూశాడు. చావింటికి వచ్చినవాళ్లకి కృతజ్ఞతలు చెప్పకూడదు, గుమ్మందాకా సాగనంపకూడదు. ఆమె కుర్చీలోంచి లేవలేదు. అది ఆచారమో, కోపమో క్లెటోకి తెలియలేదు.

చావింటినుంచి తిన్నగా ఇంటికి పోకూడదు, పోయినవాడు వెంట వస్తాడు. మధ్యలో ఎక్కడో ఆగాలి. క్లెటో నేనా కొట్టు దగ్గర ఆగాడు. అతనికంటే ముందే ఎవరో సైకిలు మీద వచ్చి చెప్పి వెళ్లినట్టున్నారు. నేనా అతని ముఖంకేసి చూడలేదు. "ఏదీ దొరా, కనుబొమ్మ" అని రోజూ అడిగేది అడగలేదు.

"చక్కెర ఎంత వెయ్యాలి మాంగ్ క్లెటో?"

ఇరవై ఏళ్లలో ఆ మాట అడగటం ఇదే మొదటిసారి. అతని అసలు పేరుతో పిలవటమూ ఇదే. ఎంత వేసేదో తను ఎప్పుడూ చూసుకోలేదు.

"నీ ఇష్టం," అన్నాడు.

కప్పు రెండు చేతుల్తో పట్టుకున్నాడు. ఆవిరి లేస్తోంది. వేడిగానే ఉండుండాలి. సగం తాగి, మిగతాది చల్లారేదాకా అక్కడే కూర్చున్నాడు.