మట్టిలో దిగిన వరుస

జనవరిలో పోయిన ఆరిన్ ఇంకా శ్మశానం గేటు పక్కనున్న రాతిగదిలోనే ఉన్నాడు. మసాచుసెట్స్ చలికి నేలలో గడ్డపార దిగదు. చలికాలంలో పోయినవాళ్లంతా మంచు కరిగేదాకా అక్కడ ఆగాల్సిందే. ఏప్రిల్ వచ్చింది, నేల మెత్తబడింది. తీరా ఇప్పుడు శ్మశానం కమిటీ పెద్ద ఆల్ఫియస్ అడ్డం తిరిగాడు. పాత శ్మశానంలో చోటు ఊరు కట్టిన కుటుంబాల వారసులకేనట.

"మీ వంశం ఊరు కట్టినవాళ్ల కూతురు తబితతో మొదలైందంటారు కదా అక్సమ్మా," అని అతను ఆరిన్ అక్క అక్సాకు ఓ చిన్న సమాధిరాయి చూపించాడు. "ఇదిగో తబిత. మూడేళ్లకే పోయింది. ఇంక మనవలెక్కడి నుంచి వస్తారు?"

కమిటీవాళ్లు ముసిముసిగా నవ్వారు. అక్సాకు ఒళ్లు మండింది గానీ గుండె బెదరలేదు. సంచిలోంచి తాపీ తీసి, పక్కనే ఉన్న తబిత తల్లి రాయి ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"బట్టలు పాడవుతాయి," అన్నాడు ఆల్ఫియస్.

"మట్టి ఉతికితే పోతుంది. నీ వాగుడే పోదు."

రెండొందల ఏళ్లలో ఆ రాయి సగందాకా భూమిలోకి కుంగింది. రాయి నిలిపినవాళ్ల పేరు అడుగునే చెక్కేవాళ్లని అక్సాకు తెలుసు. గడ్డి పెళ్లగించి, మట్టి తీసి, సీసాలో నీళ్లు పోసి తుడిచింది.

"చదువు, ఆల్ఫీ."

"కూతురు తబిత తన తల్లికి నిలిపిన రాయి." ఆల్ఫియస్ రెండు రాళ్లనూ మార్చి మార్చి చూశాడు. "ఆ పిల్ల తల్లికంటే ముందే పోయిందే."

"పోయింది మొదటి తబిత. ఆ రోజుల్లో పిల్ల పోతే, తరవాత పుట్టినదానికి అదే పేరు పెట్టేవాళ్లు. మేం రెండో తబిత సంతానం. అక్కడి నుంచి మా నాన్న దాకా వంశక్రమం నువ్వే ఒప్పుకున్నావు."

"రాయి చూడకుండానే అంత ధీమా ఎలా వచ్చింది మీకు?"

"మా అమ్మదీ ఆ పాత పద్ధతే. పై ఊళ్లో అమ్మ సమాధి పక్కన చిన్న రాయి ఉంది, దాని మీద అక్సా అనే ఉంటుంది. నాకంటే ముందు పుట్టి పోయిన అక్క పేరు నాది. చిన్నప్పుడు ఆరిన్ అది చూసి, నేనే చచ్చిపోయాననుకుని ఏడ్చాడు. ఇంటికొచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు."

ఆల్ఫియస్ టోపీ తీశాడు. "ఎక్కడ తవ్వమంటారు?"

తబిత తల్లి పక్కన చోటు చూపించి, అక్సా రాతిగది దగ్గరికి నడిచింది. ఇనుప తలుపు మీద మట్టి చెయ్యి ఆనించింది.

"చలి పోయిందిరా," అంది. "పద, మనవాళ్ల దగ్గరికి."