జనం మీద పడ్డది

పూరీ పిండి పిసుకుతూ నా నుదురు నేనే తాకి చూసుకున్నాను. కాలుతోంది. పొయ్యి సెగా, జ్వరమా? చాలా రోజులుగా తేల్చుకోలేకపోతున్నాను.

నిన్న మాణికేశ్వర్ నగర్‌లో మా ఇంటికి జ్వరాల సర్వే వచ్చింది. "ఇంట్ల ఎంతమందికి జరమున్నదన్నా?" అని సర్వే పిల్ల అడిగితే, మా ఆయన పరశురాం మంచం మీద నుంచే "ముగ్గురికి" అన్నాడు. ఆయన, అత్త, కొడుకు. నేను పక్కనే జావ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. "నాక్కూడ ఉన్నది" అన్నాను. "తిరుగుతనే ఉన్నవ్ గదనే. నీకేం జరం?" అన్నాడు. అత్త నవ్వింది. పేరు రాస్తేనే రక్తపరీక్ష, మందులు. ఆ పిల్ల మూడు పేర్లు రాసుకుని పోయింది. నేనెందుకు నోరు మూసుకున్నాను? ఆడదానికి జ్వరం రావాలన్నా మొగుడు ఒప్పుకోవాలా? లేక ఆయన అన్నదే నిజమా, నాకేం లేదా?

యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్ మెస్‌లో వంట నాది. అక్కడ పదకొండు మంది పిల్లలు పడకేశారు. గోడకు నోటీసు అంటించారు, ఎపిడమిక్ అని. హిస్టరీలో పీహెచ్‌డీ చేస్తున్న అరుంధతి చాయ్‌కి వస్తే ఆ మాటకు అర్థమేమిటని అడిగాను.

"గ్రీకు మాటక్కా. ఎపి అంటే మీద, డెమోస్ అంటే జనం. మొదట్ల రోగం పేరు కాదు, ఊర్ల ఉన్నోళ్లనే అట్లనేటోళ్లు. తర్వాత ఊరి మీద పడ్డ జబ్బుకొచ్చింది."

"ఆ జనంల ఆడోళ్లున్నరా?"

ఆమె చాయ్ ఊదుకుంది. "సభల ఓటేసేటోళ్లనే జనం అనుకున్నరక్కా. ఆడోళ్లు, బానిసలు లేరు."

"మరి జబ్బు వాళ్లను ఇడిసిపెట్టిందా?"

"ఏడ ఇడిసిపెడ్తది."

ఊళ్లో జబ్బు పాకితే మా అమ్మమ్మ "గత్తరొచ్చింది" అనేది, ఎవరి మీద పడిందో చెప్పేది కాదు. జనంలో లేనిదాన్ని జబ్బు ఎట్లా కనిపెట్టింది? మొగుడికి కనిపించనిది దానికెట్లా కనిపించింది?

హాస్టల్ వరండాలో నర్సు రిజిస్టర్‌లో జ్వరమొచ్చిన పిల్లల పేర్లు రాస్తోంది. పొయ్యి ఆర్పి వెళ్లి లైన్లో నిలబడ్డాను.

"గిది స్టూడెంట్లకు. పూరీలు ఎవలొత్తాలె?" అన్నాడు మెస్ సూపర్‌వైజర్ ఎంకన్న.

"నువ్వొత్తు."

నా వంతు వచ్చింది. నర్సు తలెత్తకుండా "పేరు?" అంది.

"సమ్మక్క."

"జ్వరం ఎన్ని రోజులాయె?"

"పది."

ఆమె పెన్ను ఆగింది. పిల్లల్లో మొదటి జ్వరం ఆరు రోజుల కిందటిది. నర్సు పేజీ వెనక్కి తిప్పి, ఒకటో నంబరుకు పైన నా పేరుకు జాగా వెతుకుతోంది.