నీలం మంట

ఆ ఇంట్లో పొగగొట్టం మూత మూసేది మితెరే ఒక్కడే. పెళ్ళయి ముప్పై ఎనిమిదేళ్ళయినా అతని పెళ్ళాం ఒగ్దో దాని జోలికి పోలేదు. మామగారి కాలం నుంచీ అంతే. ఆవులు ఆడదానివి, పొయ్యి మగవాడిది.

అదేం చిన్న పని కాదు. మధ్యాహ్నం ఇటుక పొయ్యి నిండా కట్టెలు పేర్చి కాల్చాలి. కట్టెలు నిప్పులయ్యాక వాటి మీద సన్నగా నీలం మంట ఆడుతుంది. అది పూర్తిగా ఆరిపోయాకే మూత వేయాలి. అప్పుడు వేడంతా ఇటుకల్లో నిలిచి తెల్లవారేదాకా ఇల్లు కాస్తుంది. మూత వేయకపోతే వేడి గొట్టంలోంచి పోతుంది, బయటి మైనస్ యాభై డిగ్రీల చలి ఇంట్లో కాపురం పెడుతుంది. నీలం మంట ఉండగానే వేశారో, విషం ఇంట్లోకి దిగుతుంది. దానికి పొగ లేదు, వాసన లేదు.

కిందటి చలికాలం ఏటి అవతల ఉండే మొగుడూ పెళ్ళాలు అలాగే పోయారు. నెలకోసారి పిండి తెచ్చే ట్రాక్టరువాడు వెళ్ళి తలుపు తీస్తే ఇద్దరూ బల్ల దగ్గరే కూర్చుని ఉన్నారట. కప్పుల్లో టీ గడ్డకట్టి ఉందట. 

మిగతా ఊరంతా పెద్ద ఊరికి తరలిపోయింది. సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో మిగిలింది ఈ ఇద్దరూ, మూడు ఆవులూ, ఒక గుర్రం. దగ్గరి మనిషి గొంతు వినాలంటే నలభై కిలోమీటర్లు మంచులో పోవాలి. ఆ చలిలో అంత దూరం గుర్రం వల్ల కూడా కాదు.

జనవరిలో తలనొప్పులు మొదలయ్యాయి.

"ఏవయ్యా, పొద్దున్న లేస్తే నీకు తల బరువుగా లేదూ?" అంది ఒగ్దో, మంచుగడ్డను గొడ్డలితో కొట్టి నీళ్ళ పీపాలో వేస్తూ.

"ఉంది. నా తలలో తెలివి ఉంది కాబట్టి బరువు. ఖాళీ బుర్రకి నీకెందుకే బరువు?"

"ఆహా, ఏం తెలివి! నిన్న చేతి తొడుగులు చేతికే వేసుకుని ఇల్లంతా వెతికావే, ఆ తెలివేనా?"

మితెరే నవ్వాడు. ఒగ్దో నవ్వింది గానీ లోపల పీకుతూనే ఉంది. పొయ్యిలో కాపురముండే అగ్నితాతకి కోపం వచ్చిందేమో అనుకుంది. ఆ రోజు నుంచి అట్లు పోయగానే మొదటి ముక్కతో పాటు కాస్త ఎక్కువ వెన్న పొయ్యిలో వేసింది. తాత వెన్న తిన్నాడు, చిటపటలాడాడు. తలనొప్పి మాత్రం తగ్గలేదు.

ఒక సాయంత్రం ఆమె మొగుడి బొచ్చు బూట్ల మీద అంచు కుడుతోంది. చేతిలో పని వదల్లేక, "ఆ నీలం దారం ఇలా అందుకో" అంది. అల్మరాలో రెండు డబ్బాలున్నాయి. టీ డబ్బాలో నీలం, బిస్కెట్ల డబ్బాలో నలుపు. ఏనాడో ఆమె అలా సర్దింది, ఏనాడూ మార్చలేదు. మితెరే రెండు మూతలూ తీశాడు. ఒక్కో ఉండా దీపం దగ్గర పెట్టి కళ్ళు చికిలించి చూశాడు. చివరికి బిస్కెట్ల డబ్బాలోది తెచ్చి, పెద్ద ఘనకార్యం చేసినవాడిలా ఆమె ఒళ్ళో వేశాడు.

ఒగ్దో చేతిలో సూది ఆగిపోయింది. నలుపు తెచ్చాడు! మనిషికి నీలం కనిపించడం లేదు. మరి రోజూ ఏం చూసి మూత వేస్తున్నాడు?

అడగొచ్చు కదా అంటారు మీరు. మితెరేని మీరు చూడలేదు. వేటలో గురి తప్పిందని ఎవరో నవ్వితే రెండేళ్ళు తుపాకీ ముట్టని మొండి మనిషి. నీకు పొయ్యి కూడా చేతకాదని పెళ్ళామే అంటే ఇంకేమైనా ఉందా! ఒగ్దో ఆ దారం పక్కన పెట్టి, లేచి టీ డబ్బాలోంచి తీసుకుని కుట్టుకుంది.

మర్నాటి నుంచి ఆమె దొంగ కాపలా మొదలుపెట్టింది. మితెరే మూత వేసి గుర్రానికి గడ్డి వేయడానికి వెళ్ళగానే, చప్పుడు కాకుండా మూత లాగేది. పొయ్యి తలుపు తీసి మోకాళ్ళ మీద కూర్చుని నిప్పుల్లోకి చూసేది. ఎర్రగా ఉండేవి, అంతా ఎరుపే. హమ్మయ్య అనుకుని మళ్ళీ మూసేది. అయినా తలనొప్పి ఎందుకు పోదో ఆమెకి అర్థం కాలేదు. చలి ముదిరింది, వయసు ముదిరింది అని సరిపెట్టుకుంది.

ఫిబ్రవరిలో ఒక రోజు, ఊపిరి వదిలితే గడ్డకట్టి గలగలమనేంత చలి. మితెరే తొందరగా మూత వేసి గుర్రం దగ్గరికి పోయి వచ్చాడు. ఆలోపు ఒగ్దో చూడాల్సింది చూసింది, ఎరుపే. గట్టిగా మూసింది. పాలచెంబు పట్టుకుని పశువుల కొట్టంలోకి వెళ్ళింది. చూలు ఆవు కుదురుగా నిలబడక గంట పైనే పట్టింది.

తిరిగి వచ్చి తలుపు తీస్తే దీపం వెలుగుతోంది. మితెరే బల్ల కింద పడి ఉన్నాడు. ముఖం ఎర్రగా, ఎంతో ఆరోగ్యంగా ఉన్నవాడిలా ఉంది.

చెంబు ఎక్కడ పడిందో ఆమెకి తెలియదు. మెడపట్టి దగ్గర చొక్కా పట్టుకుని ఈడ్చింది. గడప దాటించింది, బయటి తలుపు కూడా బార్లా తెరిచింది. చలి తెల్లటి మబ్బులా ఇంట్లోకి దొర్లింది. ఊపిరి బిగబట్టి లోపలికి పరిగెత్తి మూత లాగేసింది. "లే! లే ముసలాడా, నన్నొక్కదాన్నీ వదిలి పోతావా!" అని చెంపల మీద ఎడాపెడా కొట్టింది. చాలాసేపటికి అతను దగ్గాడు. వాంతి చేసుకున్నాడు. ఆమె బొచ్చుకోటు అతని మీద కప్పి బావురుమంది.

మర్నాడు మధ్యాహ్నానికి గానీ మితెరేకి మాట సరిగ్గా రాలేదు.

"నాకు నీలం కనపడదే," అన్నాడు గోడకేసి చూస్తూ. "శరత్కాలం నుంచీ అంతే. చెప్పుకోలేకపోయాను."

"తెలుసు. అందుకే నీ వెనకాల నేను చూస్తున్నాను."

"నాకూ తెలుసు. నీ వేళ్ళకి మసి ఉండేది. ఒగ్దో చూస్తోందిలే అని ధైర్యంగా వేసేవాణ్ణి."

మితెరే గోడ మీంచి చూపు ఆమెకేసి తిప్పాడు.

"మరి నిన్న చూశావా?"

"చూశాను. నీలం లేదు. ఒట్టు, అంతా ఎరుపే."

మితెరే గోడ పట్టుకుని లేచాడు. అల్మరాలోంచి రెండు డబ్బాలూ తెచ్చి దారాలన్నీ బల్ల మీద గుమ్మరించి చేత్తో కలిపేశాడు.

"నీలం తీయి."

"ఏంటయ్యా ఈ పిల్లాట?"

"తీయవే."

ఎండ నేరుగా బల్ల మీద పడుతోంది. ఒగ్దో ఒక ఉండ తీసింది, పెట్టేసింది. ఇంకోటి తీసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పింది. అన్నీ ఒకలాగే ఉన్నాయి, అన్నీ నలుపే. ఇన్నాళ్ళూ ఆమె డబ్బాని చూసి నీలం అనుకుంది. ఎన్నాళ్ళ నుంచో, ఏ చలికాలం నుంచో! 

"ఇదేనేమో," అంది ఒక ఉండ చూపించి.

"ఏమో," అన్నాడు మితెరే. అది అవునో కాదో చెప్పడానికి ఆ ఇంట్లో ఎవరూ లేరు.

ఆ మధ్యాహ్నం పొయ్యి కాల్చారు. కట్టెలు నిప్పులయ్యాయి. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని, తలలు ఆనించి లోపలికి చూశారు.

"కనిపిస్తోందా?"

"లేదు. నీకో?"

"లేదు."

"పోనీ గడియారం చూసి వేద్దామా?"

"ఏటి అవతల వాళ్ళ గోడకీ గడియారం ఉందే."

ఎవరూ మూత మీద చెయ్యి వేయలేదు. నిప్పులు నల్లబడ్డాయి, ఇటుకలు చల్లబడ్డాయి, చీకటి పడేలోపే పీపాలో నీళ్ళ మీద పొర కట్టింది. మితెరే బయటికి వెళ్ళి కట్టెల దొంతి చూసి వచ్చాడు.

"మూత వేయకుండా రాత్రీ పగలూ కాలిస్తే ఎన్నాళ్ళొస్తాయి?" అంది ఒగ్దో.

"పది రోజులు."

"ట్రాక్టరు?"

"ఇరవై రెండు రోజులకి."

ఒగ్దో లేచి, ఉన్న దుప్పట్లన్నీ తెచ్చి ఒకే మంచం మీద వేసింది. మితెరే పొయ్యిలో కట్టెలు పేర్చడం మొదలుపెట్టాడు.