నోటికట్టు

జేసీబీ మొదటి తుమ్మచెట్టును కూల్చింది. గూళ్లు చెదిరాయి, గుడ్లు పగిలాయి, గట్టు మీద నూటయాభై మందిమి గుడ్లప్పగించి చూశాం. రెక్కలు రాని పిల్లలు బురదలో పడి నోళ్లు తెరిచాయి. నోళ్లున్న మేం మూసుకున్నాం.

పిరికివాళ్లనుకోకండి, మిత్రులారా. కారణం ఉంది.

మా ఊరు తుమ్మలగుంపు, హిందీ రాజ్యపు అంచున, ఎర్రబోరుకు బండి మీద అరగంట. మా చెరువులో, నీళ్ల మధ్య నిలబడ్డ తొమ్మిది తుమ్మచెట్ల మీద ఏటా వానాకాలం నత్తకొంగలు గూళ్లు కడతాయి. మా పొలాల్లో నత్తల్ని ఏరుకు తింటాయి. వాటి రెట్ట కలిసిన నీళ్లే మా వరికి ఎరువు. అందుకే మాకు నోటికట్టు. మొదటి గుడ్డు కనపడ్డ నాటి నుంచి ఆఖరి పిల్ల ఎగిరేదాకా హద్దురాయి లోపల డోలు మోగదు, గొంతు లేవదు. పిల్లలు ఎగిరాయని, గూళ్ల లెక్క చూసే భీమే అవ్వ చెప్పాలి. అప్పుడే పండుగ.

నా పేరు ముసలయ్య. పేరుకే ముసలి. పంపుసెట్లు బాగుచేస్తాను. ఇంజనాగినా నా నోరాగదని ఊరంతా అంటారు. నోటికట్టున్న మూడు నెలలూ నాకు జైలే.

ఈ ఏడు సర్కారు పని గుత్తకు పట్టి ఠేకేదారొచ్చాడు. గట్టు మీద బోర్డు పాతాడు: ‘పక్షుల ఆవాస అభివృద్ధి’. హిందీలో అభీ అంటే ఇప్పుడే. వృద్ధి ఎవరికో తెలుస్తూనే ఉంది, అదీ అభీ కావాలి! షికారు పడవలకు అడ్డమని చెట్లు కొట్టాలట. గట్టుకు రాళ్లు పరవాలని తూము తెరిచి నీళ్లు వదిలేశాడు. నీళ్లు దిగితే నక్కలు నడిచొస్తాయి, తల్లులు గూళ్లు వదిలి పోతాయి.

అంతకు ముందు సర్కారు తరఫున పెద్ద సాబు గ్రామసభ పెట్టాడు. ఎక్కడా? గట్టు మీదే, షామియానా వేసి. “ఎవరికైనా ఆపత్తి ఉందా?” అని మైకులో మూడుసార్లు అడిగాడు. మైకు మోతకే కొంగలు లేచాయి. ఆపమని భీమే అవ్వ పెదాల మీద వేలు పెట్టింది. మేమూ పెట్టాం. సాబు నవ్వి, ఎవరికీ అభ్యంతరం లేదని రాయించుకున్నాడు. హద్దురాయి దాటాక చెబుదామనుకున్నాం. రాయి దగ్గర సాబు జీపు ఆగలేదు.

చెట్టు కూలిన సాయంత్రం హద్దురాయి అవతల సభ చేశాం.

“మనం నోరు మూసుకున్నం, వాడు ముద్దరేసుకున్నడు!” అన్నది పొజ్జే. ఠేకేదారు దగ్గర రాళ్లు మోసే కూలీ ఆమె. “రేపు గట్టెక్కి గొంతు చిరిగేటట్టు అరుద్దాం.”

“అరిస్తే కొంగలు లేస్తయి. లేస్తే గద్దలు పిల్లల్ని ఎత్కపోతయి” అన్నది భీమే అవ్వ. “వాడి పని మనమే జేసి పెడుదమా?”

“మరేంది అవ్వా? నోరు లేకుండ లడాయి ఎట్ల?” అన్నాను.

“నీకు నోరొక్కటే ఉన్నదా ముసలయ్యా? కాళ్లు లేవా?”

నవ్వులు. అవ్వ నవ్వలేదు.

“ఎనిమిది చెట్లు మిగిలినయి. పండుగనాడు ఊరికి నేనేం జెప్పాలె? పిల్లలు ఎగిరినయని జెప్పాల్నా, సచ్చినయని జెప్పాల్నా?”

పొజ్జే తలగుడ్డ తీసి దులిపింది.

“రేపు మా కూలోళ్లం ఒక్క రాయి గూడ గట్టుకెయ్యం” అంది. “ఏస్తే తూముకే ఏస్తం.”

తెల్లారేసరికి అన్నంత పనీ చేశారు. ఠేకేదారు రాళ్లే, ఠేకేదారు గంపలే. బురద మెత్తి తూము మూసేశారు. మేం మోకాలి లోతు నీళ్లలోకి దిగి, ఎనిమిది చెట్ల చుట్టూ చేతులు పట్టుకుని నిలబడ్డాం. జేసీబీ వచ్చింది. అవ్వకు మూరెడు దూరంలో ఆగింది. డ్రైవరు మా కాళ్లను చూసి, పైన గూళ్లను చూసి, ఇంజను ఆపి తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

“హటో! హటో!” ఠేకేదారు ఒక్కడే అరుస్తున్నాడు.

పెద్ద సాబు పోలీసులతో వచ్చాడు. “మీ నాయకుడెవరు?” చేతులు ఇంకా బిగించి పట్టుకున్నాం. “మీకేం కావాలి?” అవ్వ చెట్టు పైకి వేలు చూపించింది. ఆనాటి మౌనాన్ని ఒప్పుకోలని రాసుకున్నవాడికి, ఈనాటి మౌనాన్ని ఏమని రాసుకోవాలో తెలియలేదు.

పంతొమ్మిది మందిని లాగి వ్యానెక్కించారు. ముందు అవ్వని, తర్వాత పొజ్జేని, ఆ వెనక నన్ను. మేం వదిలిన చోట్లలోకి వెంటనే వేరేవాళ్లు దిగారు. చేతులు మళ్లీ కలిశాయి.

వ్యాను గట్టు మీద కదిలింది. నా గొంతులో ఇన్నాళ్ల మాటలు కుతకుత ఉడుకుతున్నాయి.

“ఏంరా, మీ ఊరోళ్లందరికీ నోళ్లు పడిపోయినయా?” కానిస్టేబుల్ వెక్కిరించాడు.

హద్దురాయి వచ్చింది. పోయింది. అవ్వ వెనక్కి తిరిగి చూసి, రాయి దాటామని నిశ్చయం చేసుకుని చెయ్యెత్తింది.

“ఇగ అరవుండ్రి.”

“చెట్టు మాది! చెరువు మాది! తూము మాది!”

తెలుగులో, మా ఇంటి భాష దోర్లీలో, హిందీలో పంతొమ్మిది గొంతులు ఒక్కసారి పేలాయి. కానిస్టేబుల్ రెండు చెవులూ మూసుకున్నాడు. దారి పొడుగునా పొలాల్లో వంగి ఉన్నవాళ్లు నడుములెత్తారు, నినాదం అందుకున్నారు, వ్యాను వెనక నడిచారు.

దూరంగా ఎనిమిది చెట్లు. ఒక్క కొంగ కూడా లేవలేదు.