కాగిన తోలు

రసూల్ తలమీది తెల్ల టోపీ సర్దుకుని, చివరి డోలును రెండు చేతులా తోసి, వేదిక మీద సుద్దగీతల మధ్య నిలబెట్టాడు. రాగి అండాకు తోలు బిగించినట్టుండే ఆ ఇంగ్లీషు డోలు అతని నడుమెత్తు ఉంది. ఈ అరబ్బు దేశంలోనే షుఐబా రేవులో పదిహేడేళ్లు మూటలు మోసి అతని కుడి భుజం కిందికి దిగిపోయింది. ఇప్పుడు యాభై ఎనిమిది. ఈ సంగీతశాలలో కుర్చీలు వేసే పని దొరికి రెండేళ్లయింది.

"చిచ్చా, నిలబెట్టినావు కదా, పక్కకొచ్చెయ్. దొరల సామాను అది. దానికేమన్నా అయితే నీ ఇఖామాకు నేను సంతకం పెట్టను" అన్నాడు సూపర్‌వైజర్ ముజీబ్. కడప కుర్రాడు. ఈ దేశంలో ఉండనిచ్చే ఆ ఇఖామా కాగితం గడువు ఇంకో పది రోజులే. అది పోతే సొంతూరు రాయచోటిలో ఈ వయసులో తనను పనికి పిలిచేవారెవరూ లేరని రసూల్‌కు తెలుసు.

రిహార్సల్ మొదలైంది. వందేళ్ల కిందట ఒక ఇంగ్లీషాయన కట్టిన సింఫనీ అట. మొదట రాజుగారి ఊరేగింపులా దర్జాగా నడిచింది. తర్వాత వయొలిన్లు ఎవరినో పోగొట్టుకున్నట్టు మూలిగాయి. ఆయన ఏ బాధలో ఉండి రాశాడో గానీ, ఆ దుఃఖం ఉన్నట్టుండి కోపంగా మారింది. ఇత్తడి బాకాలు ఒకదాని మీద ఒకటి పడి కరుచుకున్నాయి. అప్పుడు డోళ్లు లేచి అందరి నోళ్లూ మూయించాలి. కానీ లోడింగ్ గేటు పొద్దుటి నుంచీ తెరిచే ఉంది. సముద్రపు తేమకు తోలు మెత్తబడి, పెద్ద డోలు తడిసిన గోనెసంచిని కొట్టినట్టు పలికింది. రసూల్‌కు ఒళ్లు మండింది. పీర్ల పండగకు ఏళ్ల తరబడి తప్పెట కొట్టినవాడు. ఆ చచ్చిన మోతను ఓర్చుకోలేకపోయాడు.

డోలు వాయించే తెల్లాయన మరలన్నీ బిగించి భోజనానికి వెళ్లాడు. రసూల్ అన్నం మానేసి, వేదిక దీపమొకటి దించి ఆ పెద్ద డోలు తోలుకు జానెడు దూరంలో పెట్టాడు. పీర్ల గుండం పక్కన తప్పెట కాచినట్టే, అరచేత్తో వేడి చూసుకుంటూ కాచాడు. వేలితో తట్టాడు. ఖణఖణ పలికింది. సంతోషంతో అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పెటకు మరలుండవు. మరలు బిగించిన తోలును మళ్లీ కాచకూడదని అతనికి ఎవరు చెప్పారు గనక?

మధ్యాహ్నం మళ్లీ ఆ కోపం దగ్గరికి వచ్చారు. మొదటి దెబ్బకు నేల అదిరింది. రెండో దెబ్బకు బాకాలు వినపడలేదు. తెల్లాయన పళ్లు బిగించి డోలును చావగొట్టాడు. తెర పక్కన రసూల్ తొడల మీద దరువేస్తూ ఊగిపోయాడు. మరో దెబ్బకు తోలు ఫటేలున అంచు నుంచి అంచుకు చీలింది. సంగీతం ఆగిపోయింది.

ముజీబ్ పరుగున వచ్చాడు. "ఎవుర్రా దీన్ని ముట్టుకున్నది?"

"నేనే కాచినా" అంటూ రసూల్ డోలు దగ్గరికి వచ్చాడు. "తోలు కాగకపోతే పలకదు నాయనా. పలికింది కదా, నువ్వూ విన్నావు కదా?"

ముజీబ్ చెయ్యి అతని చెంప మీద పడింది. రసూల్ తూలి చీలిన డోలు మీదికి ఒరిగాడు. తెల్లాయన ఏదో అరుస్తూ ముజీబ్ చెయ్యి పట్టుకున్నాడు.

"ఖలాస్. యల్లా, పో" అన్నాడు ముజీబ్. తండ్రి వయసువాణ్ని కొట్టానన్న సిగ్గుతో అతని మొహం చూడలేకపోయాడు.

రసూల్ డోలు మీంచి లేచాడు. లోడింగ్ గేటు గుండా ఎండలోకి నడిచాడు. మూడో రోజు అతన్ని విమానం ఎక్కించారు.

డోలును స్టోర్‌లోకి నెట్టారు. దాని రాగి అండా అడుగున, చెంపదెబ్బకు చీలికలోంచి జారిపడిన అతని తెల్ల టోపీ బోర్లా పడి ఉంది.