బోణీ పోత

రాజమౌళి కళ్ళు పోవాలని దేవేందర్ ఏడాదిగా కోరుకోని రోజు లేదు. పగబట్టినవాడికి నిద్ర పట్టదంటారు గానీ, దేవేందర్ హాయిగానే నిద్రపోయేవాడు. రోజూ కలలో వాడి మొహం కాలుతుండేది మరి!

అరబ్బుల దేశంలో, అల్ ఖూజ్‌లోని ఆ ఇనుప పోతల కార్ఖానాకు రాజమౌళి మేస్త్రీ. అచ్చులు కట్టేవాడు దేవేందర్. చెక్క నమూనా చుట్టూ ఇసుక దట్టించి, నమూనాను మెల్లగా తీసేస్తే ఆ ఆకారంలో ఖాళీ మిగులుతుంది. పైపెట్టె మూసి, కన్నంలోంచి కరిగిన ఇనుము పోస్తే ఆ ఖాళీ కాస్తా మ్యాన్‌హోల్ మూత అవుతుంది. వినడానికి ఇంతే. కిటుకంతా ఇసుకలోని తడిలో ఉంది. పిడికిట పడితే ముద్ద కట్టాలి, చెయ్యి మాత్రం తడవకూడదు. తడి ఎక్కువైందా, ఇనుము తగలగానే నీళ్ళు ఆవిరై, బయటికి దారి దొరక్క, ఆ ఇనుమును పోసేవాడి మొహానికే తిప్పికొడతాయి.

దేవేందర్ బావ ఆశన్నకు అలాగే కళ్ళు పోయాయి. ఇసుకను పట్టి ఉంచే బంకమట్టి ఆ రోజు అయిపోయింది. సరుకు సాయంత్రానికి వెళ్ళాలని రాజమౌళి నీళ్ళే ఎక్కువ పోయించి అచ్చులు కట్టించాడు. ఆశన్న వద్దంటే, "గింత తడికి ఏం గాదు, పొయ్యి. యల్లా!" అని తరిమాడు. తీరా ఘోరం జరిగాక కార్ఖానా నడిపే పాత ముదీర్ దగ్గర మాట మార్చాడు. అచ్చు బాగానే ఉందట, ఆశన్నే తాగొచ్చి ఒలకబోసుకున్నాడట. పండుగనాడు కూడా కల్లు ముట్టని మనిషిని పట్టుకుని తాగుబోతన్నాడు! నాలుకా అది, తాటిమట్టా? దేవేందర్ అడ్డుపడితే బావమరిది సాక్ష్యం చెల్లదని కొట్టిపారేశారు. కళ్ళారా చూసినవాళ్ళు వీసాలు పోతాయని నోళ్ళు కుట్టేసుకున్నారు. చివరికి ఊళ్ళో ఉన్న అక్క ప్రేమ కూడా ఫోన్‌లో, "తమ్మీ, నిజం జెప్పు, ఆ దినం మీ బావ తాగిండా?" అని అడిగింది. బావ కళ్ళు పోయినదానికంటే ఆ ప్రశ్నే దేవేందర్‌ను ఎక్కువ కాల్చింది.

ఇప్పుడు కొత్త ముదీర్ ఆశిష్ వచ్చాడు, కొత్త కొలిమి కట్టించాడు. కొత్త కొలిమిలో బోణీ పోత మేస్త్రీ చేత్తోనే పోయాలన్నది ఆ కార్ఖానా ఆనవాయితీ. ఆ అచ్చు కట్టే పని దేవేందర్‌కు పడింది. పైపెట్టె మూసే ముందు నీళ్ళ సీసా మూత తీసి నిలబడ్డాడు. ఇది ఒంపితే చాలు, పీడా వదిలిపోతుంది. కానీ కళ్ళు పోయినవాడి మీద లోకానికి జాలే పుడుతుంది. బావ మాత్రం తాగుబోతుగానే మిగిలిపోతాడు. తనకు కావలసింది వాడి కళ్ళు కాదు, వాడి నోరు. సీసాలో నీళ్ళు గటగటా తాగేసి పెట్టె మూశాడు.

కొబ్బరికాయ కొట్టారు. ఆశిష్, పనివాళ్ళూ కాస్త దూరంలో నిలబడ్డారు. రాజమౌళి కరిగిన ఇనుము నిండిన గరిటె అచ్చు మీదికి వంచబోతుండగా దేవేందర్ అందరికీ అర్థమయ్యేలా హిందీలో గట్టిగా అన్నాడు.

"ఆశన్న పోసిన రోజు ఇసుకలో ఎంత తడి ఉందో, ఈ అచ్చులోనూ అంతే ఉంది మేస్త్రీ. పొయ్యి."

పచ్చి అబద్ధం. రాజమౌళి ధైర్యం చేసి పోశాడంటే దేవేందర్ పని ఖలాస్. ఉద్యోగమూ పోతుంది, పగా పోతుంది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, రాజమౌళి గరిటెను కిందికి దించి వెనక్కి గెంతాడు.

"ఏమైంది? పొయ్యి," అన్నాడు ఆశిష్.

"వద్దు సాబ్! అంత తడిలో పోస్తే పేలుతుంది. కళ్ళు పోతాయి!"

"ఆశన్న తాగి ఒలకబోసుకున్నాడని నాతో కూడా చెప్పావే?"

అప్పుడు కుట్టుకున్న నోళ్ళలో ఒకటి విప్పుకుంది. "తాగలేదు సాబ్," అన్నాడు పాత పనివాడు కలీం. "ఇసుక తడిగా ఉంది, పోయనన్నాడు. ఈయనే పోయించాడు."

దేవేందర్ గరిటె అందుకుని తానే పోశాడు. ఇనుము చప్పుడు లేకుండా అచ్చులోకి దిగింది. గాలి కన్నాల మీద చిన్న నీలిమంటలు లేచి ఆరిపోయాయి.

"తడి ఏదిరా?" రాజమౌళి గొంతు కీచుమంది.

"గింత తడికి ఏం గాదని నువ్వే అంటివి గద మౌళన్నా. నీ మాట మీద నీకే నమ్మకం లేకపాయె."

దేవేందర్‌కు కడుపు చల్లబడింది. అయినా చాలలేదు. ఫోన్ తీసి అక్క నంబరు కలిపి, స్పీకర్ పెట్టి రాజమౌళి మొహం ముందు పట్టుకున్నాడు.

"మా బావ తాగలేదని మా అక్కకు జెప్పు. నీ నోటితోనే జెప్పు."

ఎత్తింది ప్రేమ కాదు, కళ్ళు పోయాక ఊరు చేరిన ఆశన్న. ఫోన్ మీద పేరు పడినా చదివే కళ్ళు లేవాయె.

"ఎవలు?" అన్నాడు. "ఎవలు మాట్లాడేది?"

రాజమౌళి ఫోన్ ముందు నుంచి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"పేరు జెప్పు," అన్నాడు దేవేందర్.