అక్కకు వేసిన కుర్చీ

మా అమ్మ పోయిన రోజు నేను వెలగబెట్టిన ఘనకార్యం గురించి మా పుట్టినూరు కారిమంగళంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మా వైపు చావింటికి వచ్చిన ఆడవాళ్ళు ఇంటి ఆడవాళ్ళను కావలించుకుని, తలకు తల ఆనించి, ఊగుతూ ఏడవాలి. చుట్టూ అందరూ ఏడుస్తుంటే ఒక ముసలమ్మ ఒప్పారి అనే చావుపాట పాడుతుంది. ఆ రోజు పాడినావిడ అమ్మను పొగుడుతూ, అయిదుగురు కొడుకులను కన్న తల్లీ అని ఎత్తుకుంది.

"మాయమ్మకి కొడుకులు లేరు. మేమిద్దరు కూతుర్లమే" అన్నాను.

ఏడుపు ఠక్కున ఆగిపోయింది. చెమట రవికలు, నూనె తలలు మీద పడి అప్పటికే నాకు ఊపిరాడడం లేదు. విడిపించుకుని పోయి గేదెలకు కుడితి పెట్టాను.

"ఈ హొన్నమ్మది రాతిగుండె" అన్నారు అందరూ. నా చెల్లెలు ధనం అయితే మూడేళ్ళు నాతో మాట్లాడలేదు. నాకు తోడబుట్టింది అదొక్కతే. నెల తర్వాత అమ్మ చీర మడతపెడుతూ నేనూ ఏడ్చాను. చూసినవాళ్ళు లేరు కాబట్టి అది లెక్కలోకి రాలేదు.

బెంగుళూరులో నర్సు చదివే నా కూతురు సుగన్యకు పాఠం వింటుంటే నేనే గుర్తొచ్చానట. పట్టుబట్టి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. అలా నలభై దాటాక తెలిసింది, నాకున్నది ఆటిజం అని. పుట్టుకతోనే ఉందట. మనుషులు మీద పడితే ఊపిరాడనిదీ అందుకేనట. జబ్బూ కాదు, పొగరూ కాదు అంది డాక్టరమ్మ. పొగరు కాదన్న మాటకు నాకు ఏడుపొచ్చింది. తిరుగు బస్సులో మా ఊరు దాకా పోకుండా కారిమంగళంలో దిగి, నేరుగా ధనం ఇంటికి పోయి చెప్పాను.

"పావం అక్కా! తెలియక నిన్ను ఎన్ని మాటలంటినో. నా నోరు పడిపోనీ" అని అది భోరుమంది. నా మీదికి చాచిన చేతులను చటుక్కున వెనక్కి తీసుకుంది. ఎంత మంచిదో నా చెల్లెలు అని అప్పుడు పొంగిపోయాను.

ఆ తర్వాత అంతా మంచితనమే. మనవడి చెవులు కుట్టించినప్పుడు, "జనం శానా వస్తారక్కా, నువ్వు కష్టపడొద్దు" అని ఫోను చేసి, భోజనం క్యారియరులో పంపింది. వాళ్ళ కొత్తింటి గృహప్రవేశం ఫోటోల్లోనే చూశాను. నాదెటూ పుల్ల విరిచినట్టు మాట. అయినా అంతకుముందు తిట్టుకుంటూనైనా పిలిచేవాళ్ళు. ఇప్పుడు నా మేలు కోరి మానేశారు.

నిరుడు ధనం మొగుడు నరసింహన్ టమాటా మండీలో కూలబడి, అక్కడే పోయాడు. వాళ్ళ కూతురు శాలిని ఫోను చేసింది.

"పెద్దమ్మా, నువ్వు రావద్దులే. అమ్మే చెప్పమనింది."

నేను బస్సెక్కాను. ఈసారి దాన్ని పట్టుకుని తీరాలి అనుకున్నాను. ఊపిరాడకపోతే పోనీ. అది నా చెల్లెలు.

వాకిట్లో జుట్టు విరబోసుకుని కూర్చుంది ధనం. వచ్చినవాళ్ళు వచ్చినట్టు దాని మీద వాలుతున్నారు. నేను చేతులు చాచాను. ఎంత చాచాలో తెలియక గడ్డిమోపు ఎత్తేదానిలా చాచాను. అంత ఏడుపులోనూ అది నన్ను చూసింది.

"అక్క వచ్చింది, దారి ఇడవండి. ఎవురూ తాకొద్దు, దానికి ఒప్పదు. శాలినీ, లోపల కుర్చీ వేసి తలుపు మూసిపెట్టు."

ఆడవాళ్ళు మర్యాదగా పక్కకు జరిగారు. నన్ను పట్టుకోవే అన్న మాట నా నోటిదాకా వచ్చింది. అడగడం నాకెప్పుడూ చేతకాలేదు. అప్పటికే శాలిని, నాకు తగలకుండా, నా సంచి పట్టుకుని లోపలికి నడిపిస్తోంది.

గదిలో ఫ్యాను వేసింది, చెంబుతో నీళ్ళు పెట్టింది. కొత్తగా ఎవరైనా వచ్చినప్పుడల్లా బయట ఏడుపు లేస్తోంది. అందులో నా చెల్లెలి గొంతు నాకు తెలుస్తూనే ఉంది. పుట్టాక మొదటిసారి నాకు ఆ గుంపులో ఉండాలనిపించింది. వెలి వేసి ఉంటే పోట్లాడేదాన్ని. ఇంత ప్రేమగా తలుపు మూయించినదానితో ఏమని పోట్లాడను?